వర్జీనియా పోతే ఒహాయో ఉందిగా!

ఆష్‌బర్న్‌లో మా అపార్ట్‌మెంట్ల పక్కనే కిటికీలు సరిగా లేని పెద్ద పెద్ద బిల్డింగులుంటాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వాకింగ్‌కి వెళ్లొచ్చి "ఇన్ని గోడౌన్లేంట్రా?" అంటారు. అన్నీ డేటా సెంటర్లే. అమెజాన్ క్లౌడ్‌లో అన్నిటికంటే పాత రీజియన్ (ఒకే ప్రాంతంలో ఉండే డేటా సెంటర్ల గుంపు) ఈ నార్తర్న్ వర్జీనియాదే. ఇది డౌన్ అయితే మా కంపెనీ అప్లికేషన్లు నిలబడతాయో లేదో ముందే చూసుకోవడం నా ఉద్యోగం.

అలా చూసుకునే డ్రిల్ శనివారం రాత్రి పెడతాం. అప్పటికి హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున. ఒకసారి వర్జీనియాకి దారి మూసేసి ట్రాఫిక్ మొత్తం అమెజాన్‌దే ఇంకో రీజియన్ ఒహాయోకి మళ్లించాం. డేటాబేస్ కాపీ లేచింది, అప్లికేషన్ లేచింది. అవతలి నుంచి ఓ కుర్రాడు, "అన్నా, డాష్‌బోర్డంతా గ్రీనే. కానీ లాగిన్ అవట్లేదు" అన్నాడు. తవ్వితే తేలిందేమిటంటే, పాస్‌వర్డ్ సరిచూసే సర్వీసుకి ఓ కాన్ఫిగ్ ఫైల్లో ఇంకా వర్జీనియా అడ్రసే ఉంది. ఇల్లు మారాం గానీ తాళంచెవి పాతింట్లోనే వదిలేశాం.

ఇలాంటివి బయటపడటానికే డ్రిల్. పైవాళ్లకు మాత్రం రిపోర్టులో "పాస్" అని ఉండాలి. హెచ్‌-1బీ మీద ఉన్నవాడు "ఫెయిల్" అని రాసి పంపాలంటే కాస్త గుండె కావాలి.

అయినా, డ్రిల్‌లో మేం రీజియన్‌ని పూర్తిగా చంపేసేవాళ్లం. నిజంగా వచ్చే చావు అలా ఉండదు. 2025 అక్టోబర్ 20న వర్జీనియాలో సర్వర్లేం కూలిపోలేదు. ఏ సర్వీసు ఏ అడ్రసులో ఉందో చెప్పే డీఎన్ఎస్ రికార్డులు మార్చే రెండు ఆటోమేటిక్ ప్రోగ్రాములు ఒకదానికొకటి అడ్డొచ్చి, అమెజాన్ వాళ్ల డైనమోడీబీ డేటాబేస్ సర్వీసు అడ్రసులు ఖాళీ అయిపోయాయి. తెల్లారేసరికి అది సరిచేసినా, నడుస్తున్న సర్వర్లు నడుస్తూనే ఉన్నా, కొత్త సర్వర్లు తెచ్చుకోవడం సాయంత్రం దాకా కష్టమే అయింది.

అది మొదలైనప్పుడు ఇక్కడ రాత్రి మూడు కావస్తోంది. హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం, పైగా దీపావళి. కాల్‌లో ఉన్న నలుగురూ తేల్చుకోలేని ప్రశ్న ఒక్కటే: ఒహాయోకి మారాలా, వద్దా? అంతా పోయుంటే ఎవరినీ అడక్కుండా మార్చేసేవాళ్లం. కొన్ని రిక్వెస్టులు వెళ్తున్నాయి, కొన్ని వెళ్లట్లేదు. "ఇంకో పది నిమిషాలు చూద్దాం" అని ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు.

ఇప్పుడు డ్రిల్‌లో దారి మూయం. జవాబులు ఆలస్యం చేస్తాం, మధ్యమధ్యలో కొన్ని ఎర్రర్లు పంపిస్తాం, కొత్త సర్వర్లు రాకుండా ఆపుతాం. ఎన్ని ఎర్రర్లు దాటితే మారాలో, ఆ మాట ఎవరు చెప్పాలో ముందే రాసిపెట్టుకున్నాం. అన్నీ తెలిసిన సీనియర్‌ని ఆ రాత్రి ఫోన్ ఎత్తొద్దంటాం. ఒహాయోలో సరిపడా సర్వర్లు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి. ఆ బిల్లు మీద ఫైనాన్స్ వాళ్ల మెయిల్ నెలనెలా వస్తుంది.

ఒక డ్రిల్ పండగ రోజే పెడదామన్నాడు మేనేజర్. దానికి మాత్రం ఇక్కడా అక్కడా ఒక్కరూ ఒప్పుకోలేదు, నాతో సహా.