123456789ని విడగొట్టిన ఎనిమిది రాత్రులు

అనంతపురంలో శెనక్కాయల నూనె మిల్లులో గుమాస్తాను నేను. ఆరో తరగతి చదివే నా బిడ్డ ఒక రాత్రి నోటుబుక్కులో 123456789 అని రాసి, "దీని ప్రధాన కారణాంకాలు ఏమేమి నాయనా?" అనింది. ఫోన్ ముట్టకూడదని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం.

మొదలు సులువే. అంకెలు కూడితే 45, కాబట్టి 9తో పోతుంది. మిగిలింది 13717421. దీని అంకెల మొత్తం 26, అంటే ఇక 3తో పని లేదు.

అక్కడి నుంచి 7, 11, 13 అని ప్రధాన సంఖ్యలతో వరసగా భాగించుకుంటా పోయినా. రోజూ రాత్రి అన్నం తిన్నాక పది పదకొండు భాగహారాలు. 47 దగ్గర శేషం సున్నా వచ్చింది! భాగఫలం 29186. ఎగిరి గంతేసినంత పనైంది. బిడ్డ వచ్చి చూసి, "ఇది సరి సంఖ్య కదా, 47తో గుణిస్తే చివర 1 ఎట్లొస్తుంది?" అనింది. నిజమే. ఆఖరి 1ని కిందికి దించడం మరిచినా. శేషం 1. లెక్క తప్పిన బాధకంటే, దాని చూపు అంత చురుగ్గా ఉందన్న సంతోషమే నాకు ఎక్కువైంది.

వారం తిరిగేసరికి 397 దాకా వచ్చినా. 75 భాగహారాలు, అన్నిటా శేషమే. 13717421 వర్గమూలం 3703 దాటుతుంది; కారణాంకాలుంటే వాటిలో చిన్నది ఆ లోపలే ఉండాలి. అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలు ఐదు వందల పైచిలుకు. నోటుబుక్కు అయిపోవచ్చింది.

ఎనిమిదో రోజు మా వీధిలో ఉండే లెక్కల సారుకు చూపిస్తే, "కింది నుంచే ఎందుకప్పా, వర్గమూలం దగ్గర మొదలుపెట్టి చూడు" అన్నాడు. ఏ రెండు బేసి సంఖ్యలైనా తీసుకోండి: సరాసరి వర్గంలోంచి, తేడాలో సగం వర్గాన్ని తీసేస్తే వాటి లబ్ధమే వస్తుంది. 7, 13లకు సరాసరి 10, తేడాలో సగం 3. 100లో 9 పోతే 91. కాబట్టి వర్గమూలానికి పైనున్న సంఖ్యల వర్గాల్లోంచి మన సంఖ్యను ఒక్కొక్కటిగా తీసేస్తా పోవాలి; మిగిలింది కూడా ఒక వర్గమైతే కారణాంకాలు దొరికినట్టే. ఇది ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు ఫెర్మా పద్ధతి. 1643లో ఆయన 2027651281ని ఇట్లే 44021, 46061గా విడగొట్టినాడు, పన్నెండో ప్రయత్నంలో.

ఆ రాత్రి ఇద్దరం కూర్చున్నాం. 3704 వర్గం 13719616. దాంట్లోంచి 13717421 తీసేస్తే 2195. వర్గం కాదు. 3705 వర్గం 13727025. తీసేస్తే 9604.

"98 ఇంటూ 98!" అని బిడ్డ అరిచింది.

రెండో ప్రయత్నానికే. 3705లోంచి 98 తీస్తే 3607, కలిపితే 3803. కారణాంకాలు వర్గమూలానికి అంత దగ్గరగా ఉండబట్టే ఇంత తొందరగా దొరికినాయి; దూరంగా ఉండుంటే ఈ దారి కూడా పొడుగే. కింది నుంచి పోయుంటే 3607 చేరేదాకా ఇంకా నాలుగు వందల భాగహారాలు.

ఇవి రెండూ ప్రధాన సంఖ్యలేనా అని చూడాల్సి ఉండె. 3607ను నేను తీసుకుని 59 దాకా, 3803ను తను తీసుకుని 61 దాకా భాగించినాం. ఏదీ పోలేదు. 3 × 3 × 3607 × 3803 అని నోటుబుక్కు ఆఖరి పేజీలో బిడ్డే రాసింది.