బ్యాక్‌టెస్ట్‌లో ఏ షేర్లు ఉండాలి: ఏ రోజు లిస్టు ఆ రోజుకే

బ్యాక్‌టెస్ట్ అంటే ట్రేడింగ్ రూల్స్‌ని పాత ధరల మీద పరీక్షించి చూడటం. దానికోసం ఎంట్రీ, ఎగ్జిట్ రూల్స్ (ఎప్పుడు కొనాలి, ఎప్పుడు అమ్మాలి) మీద నెలల తరబడి కష్టపడేవాళ్లు కూడా షేర్ల లిస్టు దగ్గరికి వచ్చేసరికి తొందరపడతారు. ఇవాళ్టి నిఫ్టీ 50 (ఎన్‌ఎస్‌ఈలోని 50 పెద్ద కంపెనీల ఇండెక్స్) ఫైల్ డౌన్‌లోడ్ చేసి, అదే లిస్టుని 2008 దాకా వెనక్కి నడిపేస్తారు. రిజల్ట్ చాలా బాగా వస్తుంది. ఎందుకు రాదు? ఎవరు గెలిచారో తెలిశాక తయారైన లిస్టు అది.

ట్రెంట్ సంగతే చూడండి. 2024 సెప్టెంబర్ 30న బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్)తో పాటు నిఫ్టీ 50లోకి వచ్చింది. దివీస్ ల్యాబ్స్, ఎల్‌టీఐమైండ్‌ట్రీ బయటికి వెళ్లాయి. 2020 చివర్లో ట్రెంట్ ధర 700 చుట్టూ ఉంటే, ఇండెక్స్‌లో చేరేనాటికి 7,500 చుట్టూ ఉంది. అంత పెరిగింది కాబట్టే చేరింది. 2024 చివరి లిస్టుతో 2020 నుంచి టెస్ట్ చేస్తే ఆ పది రెట్ల పరుగంతా మీ సిస్టమ్ ఖాతాలో పడిపోతుంది. 2020లో కేవలం నిఫ్టీ 50 షేర్లే ట్రేడ్ చేసేవాళ్లకి ట్రెంట్ చార్ట్ తెరిచే అవసరమే లేదు.

పడిపోయినవాటి సంగతి ఇంతకన్నా ప్రమాదం. సత్యం కంప్యూటర్స్ గురించి మనకి వేరే చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికొచ్చిన రోజు షేరు 179 దగ్గర నుంచి 40 దగ్గరికి పడింది. అప్పటికి అది నిఫ్టీ షేరు. 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది కాబట్టి ఇవాళ్టి ఏ లిస్టులోనూ ఆ పేరు కనిపించదు. యస్ బ్యాంక్ 2018 ఆగస్టులో 400 దగ్గర ఉంది, 2020 మార్చిలో నిఫ్టీ నుంచి తీసేశారు. యూనిటెక్, సుజ్లాన్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కూడా ఒకప్పుడు నిఫ్టీ షేర్లే. పడ్డప్పుడు కొనే సిస్టమ్‌లకి ఈ తప్పు వల్ల జరిగే మోసం మరీ ఎక్కువ. ఇవాళ్టి లిస్టులో ఉన్నవన్నీ పడి లేచినవే కాబట్టి, ప్రతి పతనమూ కొనదగ్గ అవకాశంలాగే కనిపిస్తుంది.

దీన్ని సరిచేయడానికి రెండు దారులున్నాయి.

మొదటిది, ఇండెక్స్ చరిత్రని తిరిగి కట్టుకోవడం. నిఫ్టీ 50ని ఏడాదికి రెండుసార్లు సమీక్షిస్తారు. జనవరి 31, జూలై 31 వరకు ఉన్న డేటా చూసి, మార్పుల్ని మార్చి, సెప్టెంబర్ చివర్లో అమలు చేస్తారు. విలీనాలు, మోసాలు బయటపడినప్పుడు మధ్యలోనూ మారుస్తారు. ఇవాళ్టి లిస్టుతో మొదలుపెట్టి, ఎన్‌ఎస్‌ఈ ప్రకటనల్ని ఒక్కొక్కటే వెనక్కి తిప్పండి: కొత్తగా చేర్చినదాన్ని తీసేయండి, తీసేసినదాన్ని తిరిగి పెట్టండి. షేరు, లోపలికి వచ్చిన తేదీ, బయటికి వెళ్లిన తేదీ, ఈ మూడు కాలమ్‌ల పట్టిక చాలు. తర్వాత ఏ తేదీకి లెక్కపెట్టినా 50 రావాలి. 2016 ఏప్రిల్ తర్వాత కొంతకాలం 51 వస్తే కంగారు పడొద్దు, అప్పట్లో టాటా మోటార్స్ డీవీఆర్ (తక్కువ ఓటు హక్కులున్న వేరే రకం షేరు) కూడా ఉండేది. 2023లో రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ విడిపోయినట్టు (డీమెర్జర్) జరిగినప్పుడూ కొన్నాళ్లు 51 ఉంటాయి. ఇలాంటి కారణం లేకుండా తేడా వస్తే మాత్రం ఒక ప్రకటన మిస్ అయినట్టే.

రెండోదే నాకు మేలనిపిస్తుంది: ఎన్‌ఎస్‌ఈ రోజువారీ భావ్‌కాపీ (ఆ రోజు ధరల ఫైల్) నుంచి లిస్టుని మనమే తయారు చేసుకోవడం. ఆ రోజు ట్రేడైన ప్రతి షేరూ అందులో ఉంటుంది. తర్వాత కంపెనీ మూతపడినా పాత ఫైల్లో దాని వరుస చెరిగిపోదు. ప్రతి నెలా చివరి ట్రేడింగ్ రోజున ఈక్యూ (మామూలు ట్రేడింగ్) సిరీస్ మాత్రమే తీసుకోండి (బీఈ, బీజెడ్‌లు ట్రేడ్-టు-ట్రేడ్ సిరీస్‌లు, అంటే ప్రతి ట్రేడ్‌కీ డెలివరీ తప్పనిసరి; అవి వద్దు). కనీసం 250 రోజుల చరిత్ర ఉన్నవాటిని ఉంచి, గత 60 రోజుల టర్నోవర్ (రోజుకి జరిగిన ట్రేడింగ్ విలువ) మీడియన్, అంటే వరుసలో పెడితే మధ్యన వచ్చే విలువ ప్రకారం ర్యాంకులు వేసి, మొదటి 200 షేర్లని వచ్చే నెలకి వాడండి. సగటు వద్దు, మీడియనే కావాలి. ఒక్క బల్క్ డీల్ (ఒకేసారి జరిగే పెద్ద లావాదేవీ) పడిన రోజు చాలు, చిన్న షేరు సగటు అమాంతం పైకి లేస్తుంది. అలాగే ‘కనీసం 5 కోట్లు’ లాంటి స్థిరమైన గీత వద్దు, 2008 నాటి 5 కోట్లూ ఇప్పటి 5 కోట్లూ ఒకటి కావు. పొజిషన్ సైజు (ఒక్కో షేరులో పెట్టే డబ్బు) ఆ మీడియన్‌లో 1 శాతం దాటకుండా చూసుకోండి. అంటే 5 లక్షల పొజిషన్‌కి 5 కోట్ల టర్నోవర్ ఉండాలి.

ఇక్కడ సులభంగా జరిగిపోయే తప్పు ఒకటుంది. లిక్విడ్‌బీస్, గోల్డ్‌బీస్ లాంటి ఈటీఎఫ్‌లు (షేర్లలాగే ట్రేడయ్యే ఫండ్‌లు) కూడా ఈక్యూ సిరీస్‌లోనే ట్రేడవుతాయి. వాటిని విడిగా తీసేయకపోతే లిక్విడ్‌బీస్ మీ టాప్ 200లో దర్జాగా కూర్చుంటుంది.

ధర ఫిల్టర్ పెట్టేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. టాటా స్టీల్ 2022 జూలైలో 10 రూపాయల ముఖవిలువ షేరుని పది ముక్కలు చేసింది (స్ప్లిట్). 2020 మార్చి చివర్లో దాని అసలు ధర 270 చుట్టూ, అడ్జస్ట్ చేసిన (స్ప్లిట్‌కి తగ్గట్టు పాత ధరల్ని సవరించిన) డేటాలో 27. ‘50 రూపాయల పైనున్న షేర్లే’ అని అడ్జస్టెడ్ ధర మీద రూల్ రాస్తే, 2022లో జరగబోయే స్ప్లిట్ 2020లోనే టాటా స్టీల్‌ని లిస్టు నుంచి గెంటేస్తుంది. సిగ్నల్స్‌కి అడ్జస్టెడ్ ధర, ఫిల్టర్‌కీ టర్నోవర్‌కీ ఆ రోజు అసలు ధర. రెండు కాలమ్‌లూ ఉంచుకోండి.

పేర్ల మార్పు ఇంకో తలనొప్పి. సేసా గోవా తర్వాత సేసా స్టెరిలైట్, ఆ తర్వాత వేదాంత అయింది, ప్రతిసారీ సింబల్ మారింది. కలపకపోతే పాత షేరు చచ్చిపోయినట్టూ, కొత్తదానికి 250 రోజుల చరిత్ర లేనట్టూ లెక్క వస్తుంది. ఐఎస్ఐఎన్ (షేరుకి ఇచ్చే గుర్తింపు కోడ్) ఒక్కదాన్నే నమ్ముకోలేం, ముఖవిలువ మారితే అదీ మారుతుంది. ప్రతి కంపెనీకి మీరే ఒక నంబర్ ఇచ్చి, సింబల్, ఐఎస్ఐఎన్ మార్పులన్నీ దాని కింద రాసుకోండి.

డేటా ఆగిపోయిన చోట సాఫ్ట్‌వేర్ చివరి ముగింపు ధరకి అమ్మేసినట్టు రాసుకుంటే ఒప్పుకోవద్దు. హెచ్‌డీఎఫ్‌సీ 2023 జూలైలో ఆగింది విలీనం వల్ల: 25 షేర్లకి 42 హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ షేర్లు వచ్చాయి, అలాగే మార్చాలి. డీహెచ్‌ఎఫ్‌ఎల్ 2021 జూన్‌లో డీలిస్ట్ అయినప్పుడు వాటాదారులకి వచ్చింది సున్నా, అక్కడ సున్నాయే రాయాలి. లోయర్ సర్క్యూట్‌లో (ఆ రోజుకి పడగల చివరి హద్దులో) రోజంతా ఒకే ధర దగ్గర ఉన్న షేరు విషయంలో స్టాప్‌లాస్ (నష్టం హద్దు దాటితే అమ్మే ఆర్డర్) అమలు కాలేదనే లెక్కేసి, అమ్మకాన్ని మర్నాటికి జరపండి.

అంతా అయ్యాక ట్రేడ్ లాగ్ తెరిచి, ఇప్పుడు ట్రేడింగ్‌లో లేని పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కటీ కనిపించకపోతే, లేదా 2008 డిసెంబర్ టాప్ 200లో సత్యంకాంప్ అనే సింబల్ లేకపోతే, రూల్స్ జోలికి పోకుండా లిస్టు కట్టిన కోడ్‌నే మళ్లీ మొదటి వరుస నుంచి చూడండి.