మందుల నెలలో చూర్ణాలు, లేహ్యాలు: నా అనుభవం

తిరుపతిలో పిల్లలు పుట్టాలని మందులు వాడే ఆడవాళ్ళ ఇంట్లో రెండు రకాల పొట్లాలుంటాయి. ఒకటి డాక్టరమ్మ చీటీ మీద తెచ్చుకున్నది. రెండోది అత్తో పెద్దమ్మో తెచ్చిచ్చింది. "ఆకూ వేరూనే కదమ్మే, ఏం చేస్తాది?" అంటారు. ఏం చేస్తాదన్న ప్రశ్న కంటే ముందు నన్ను ఇబ్బంది పెట్టింది వేరే. రెండూ ఒకేసారి మొదలుపెడితే, ఒంట్లో వచ్చిన తేడా దేనిదో చెప్పలేం.

షుగర్ తగ్గించే మాత్ర మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు మొదలుపెట్టిన వారంలోనే పరగడుపున నానబెట్టిన మెంతులు కూడా మొదలుపెట్టాను. కడుపుబ్బరం, విరేచనాలు. మెట్‌ఫార్మిన్ కొత్తలో చేసేదీ అదే, మెంతులు ఎక్కువైతే చేసేదీ అదే. పైగా రెండూ షుగర్‌ని తగ్గించేవే. మెంతులు ఆపేసి, మాత్ర ఒక్కటే భోజనం మధ్యలో వేసుకున్నాను. మొదటి వారం రోజుకొకటి, ఆ తర్వాత డాక్టర్ చెప్పినట్టు పెంచాను. మెంతులు కూరలో, పోపులో పడితే ఏమీ కాదు. చెంచాలకొద్దీ మింగితే అది మందే. అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే: ఒక నెలలో ఒక్కటే కొత్త వస్తువు, వాడిన తేదీ నోట్‌బుక్‌లో రాసుకోవడం.

నెలసరి రక్తస్రావం సరిగ్గా మొదలైన రోజే మొదటి రోజు. చిన్న మరక కనపడిన రోజును లెక్కలోకి తీసుకోకూడదు. ఇక్కడ తప్పితే మాత్రల తేదీలు, స్కాన్ తేదీలు అన్నీ తప్పుతాయి. అండం పెరగడానికి ఇచ్చే మాత్ర లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములు మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా (కొందరు డాక్టర్లు రెండు నుంచి ఆరు రాస్తారు), రోజూ ఒకే వేళకు. నేను రాత్రి వేసుకునేదాన్ని, తలతిప్పు నిద్రలో పోతుందని. ఆవిర్లు, తలనొప్పి, నీరసం, కీళ్ళనొప్పులు రావచ్చు. మే నెలలో ఇక్కడి ఎండకు అది మందు వేడో ఎండ వేడో తెలియదు. మందు వల్ల వచ్చే ఆవిరి అయితే మొహం, మెడ మీదికి ఎక్కి కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది, జ్వరం ఉండదు. తలనొప్పికి పారాసిటమాల్ చాలు. అండం విడుదలయ్యే రోజుల్లో ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ లాంటివి అడగకుండా వేసుకోకూడదు, ఫాలికల్ (అండం పెరిగే సంచి) పగలడానికి అవి అడ్డుపడవచ్చు.

లెట్రోజోల్ డబ్బాలోని కాగితం చదివి "ఇది క్యాన్సర్ మందు కదా" అని భయపడేవాళ్ళు చాలామంది. నిజమే, రొమ్ము క్యాన్సర్‌కీ వాడతారు. సంతానలేమికి వాడటాన్ని మన దేశంలో 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధం ఎత్తేశారు.

అండం పెరగడానికే ఇచ్చే ఇంకో మాత్ర క్లోమిఫిన్ రాస్తే ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. చూపు మసకబారినా, కళ్ళ ముందు మెరుపులు వచ్చినా తర్వాతి మాత్ర వేసుకోకుండా అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి. స్కూటీ తోలకూడదు. ఇది ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది, గర్భాశయం పొరను పలచబరచే గుణమూ ఉంది.

తొమ్మిదో పదో రోజు నుంచి స్కాన్లు. ఫాలికల్ 18 నుంచి 20 మిల్లీమీటర్లకు వచ్చి, గర్భాశయం పొర 7 మిల్లీమీటర్లు దాటితే, అండం విడుదల కావడానికి హెచ్‌సీజీ అనే హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తారు. సుమారు 36 గంటలకు అండం విడుదల. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల్లో పెట్టమని డబ్బా మీద ఉంటే, తిరుపతిలో కొని పాకాలకో పీలేరుకో తీసుకెళ్ళేవాళ్ళు ఐస్‌ప్యాక్‌కి గుడ్డ చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకోవాలి. ఐస్‌కి నేరుగా తగిలి గడ్డకడితే మందు పాడైనట్టే.

ఇంజెక్షన్ తర్వాత రోజూ పొద్దున్నే బరువు చూసుకున్నాను. ఒక్కరోజులో కిలో పైగా పెరగడం, పొట్ట బిగుసుకోవడం, వాంతులు, మూత్రం తగ్గడం, ఆయాసం – ఇవి అండాశయాలు మితిమీరి స్పందించిన గుర్తులు. మాత్రలతో అరుదు, హార్మోన్ ఇంజెక్షన్లతో ఎక్కువ. గ్యాస్ అనుకుని వామునీళ్ళు తాగి పడుకోకూడదు. రాత్రయినా ఆస్పత్రికి పోవాల్సిందే.

ఇక చూర్ణాల సంగతి. శతావరికి, అంటే పిల్లిపీచరకు, కాస్త ఈస్ట్రోజన్ (ఆడ హార్మోన్) పోలిక గుణం ఉందంటారు. లెట్రోజోల్ పనిచేసేది ఈస్ట్రోజన్‌ని తగ్గించి, క్లోమిఫిన్ పనిచేసేది దాన్ని అడ్డుకుని. ఆ ఐదు రోజుల్లో శతావరి కలపడంలో నాకు అర్థం కనపడలేదు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ని పెంచవచ్చు, థైరాయిడ్ మాత్ర థైరాక్సిన్ వేసుకునేవాళ్ళ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) లెక్క తప్పుతుంది. కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి, గర్భంలో వద్దనే చెబుతారు. అతిమధురం రోజూ తింటే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. అరిష్టాల్లో (సీసాల్లో వచ్చే ఆయుర్వేద ద్రవ మందుల్లో) పులిసి పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీదే రాసి ఉంటుంది. పేరులేని పొట్లంలో వచ్చిన భస్మాన్ని మాత్రం నేను ముట్టను. సీసం, పాదరసం ఉండే అవకాశం ఉంది, అవి కడుపులో బిడ్డ దాకా పోతాయి.

ఆయుర్వేదం మీద గురి ఉన్నవాళ్ళకి తిరుపతిలోనే టీటీడీ వారి ఆయుర్వేద ఆస్పత్రి ఉంది. చీటీలన్నీ పట్టుకుపోయి, ఏ మాత్ర ఏ రోజున వేసుకుంటున్నామో చూపించి అడగాలి. వాళ్ళు రాసిచ్చింది మళ్ళీ డాక్టరమ్మకి చూపించాలి. "ఏమంటుందో" అని దాచేది మనమే.

అండం విడుదలయ్యాక, గర్భం నిలవడానికి తోడ్పడే హార్మోన్ ప్రొజెస్టిరాన్ 200 మిల్లీగ్రాములు. మింగితే మత్తు, తలతిప్పు, అందుకే రాత్రి పూట ఇస్తారు. యోనిలో పెట్టుకునేదైతే మత్తు తక్కువ. రొమ్ముల నొప్పి, మలబద్ధకం దీని పనే, గర్భం గుర్తులు కావు. మాత్ర నడుస్తున్నంత కాలం నెలసరి వెనక్కి జరగవచ్చు, దాన్ని చూసీ ఆశపడకూడదు. హెచ్‌సీజీ వేసుకున్న పది రోజుల్లోపు ఇంట్లో పరీక్ష చేస్తే ఇంజెక్షనే రెండో గీత చూపించవచ్చు. అందుకే రెండు వారాలు ఆగి, రక్తంలో బీటా హెచ్‌సీజీ (గర్భ పరీక్ష) చేయించుకున్నాను.