సద్దుల నాటి సగం చంద్రుడు

2025లో సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం, హనుమకొండ పద్మాక్షి గుట్ట దారిలో బతుకమ్మలతో నడుస్తుండగా, మా అన్న కూతురు దక్షిణాన కనిపిస్తున్న సగం చంద్రుణ్ణి చూపి, "అత్తమ్మా, మిగతా సగం మీద భూమి నీడ పడ్డదా?" అని అడిగింది. అంతకు మూడు వారాల ముందు, సెప్టెంబరు 7న, మా డాబా మీద కూర్చుని ఇద్దరం సంపూర్ణ చంద్రగ్రహణం చూశాము కనుక ఆ పిల్లకు అలా తోచడంలో తప్పు లేదు. పెద్దవాళ్ళలోనూ చాలామంది ఇలాగే అనుకోవడం నేను విన్నాను.

సూర్యుడు ఏ దిక్కున ఉన్నాడో చూడమన్నాను. పడమట అప్పుడే క్రుంకుతున్నాడు. నీడ వెలుగుకు ఎదురు దిక్కున పడుతుంది కనుక ఆ వేళ భూమి నీడ తూర్పుకు చాచుకొని ఉంటుంది. దక్షిణాన ఉన్న చంద్రుణ్ణి అది తాకే వీలే లేదు. చంద్రునిలో సూర్యుని వైపున్న సగం గ్రహణ వేళ తప్ప ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. అందులో మనకు కనిపించే భాగం మాత్రమే రోజురోజుకూ మారుతుంది. ఇంకొక ఆనవాలు కూడా ఉన్నది. అష్టమి చంద్రునిపై వెలుగుకూ చీకటికీ నడుమ గీత ఇంచుమించు తిన్నగా ఉంటుంది. గ్రహణం నాడు రాత్రి 9 గంటల 57 నిమిషాలకు తూర్పు అంచున మొదలైన నీడకు మాత్రం వంపు పోలేదు, ఎందుకంటే అది గుండ్రని భూమి నీడ, చంద్రుని దూరంలో చంద్రునికి రెండున్నర రెట్లకు పైగా వెడల్పున్న నీడ.

ఆ రాత్రి 11 గంటల నుంచి 82 నిమిషాల పాటు చంద్రుడు పూర్తిగా నీడలోనే ఉన్నాడు. (మా అమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది, నిలబడ్డది. మరునాడు పగలు నేను నిలబెట్టినా నిలబడ్డది గానీ, ఆ ముచ్చట ఆమెకు నచ్చలేదు.)

చంద్రుని దారి భూమి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉన్నందువల్ల చాలా పున్నములకు చంద్రుడు నీడకు పైనుంచో కిందనుంచో దాటిపోతాడు. ఆ రెండు దారులు కలిసే చోట్లనే పంచాంగం రాహుకేతువులంటుంది. సూర్యుడు వాటికి చేరువగా ఉండే నెల రోజుల్లోనే గ్రహణాలు పడతాయి, అందుకే పున్నమి గ్రహణం వెనుకనే పెత్రమాసకు (పితృ అమావాస్యకు), అంటే సెప్టెంబరు 21న, పాక్షిక సూర్యగ్రహణం కూడా వచ్చింది. అయితే మన గడియారం ప్రకారం అది రాత్రి 11 నుంచి దాదాపు మూడున్నర దాకా. ఎంగిలిపూల బతుకమ్మ ఆడి మేము నిద్రపోతున్న వేళ వరంగల్ సూర్యునికి పెడముఖంగా తిరిగి ఉన్నది. న్యూజీలాండ్ వాళ్ళు దాన్ని 22వ తేదీ ఉదయం చూశారు.

ఆ పెత్రమాస తరువాత మా మేనకోడలు రోజూ పొద్దుగూకే వేళకు చంద్రుడు ఎక్కడున్నాడో చూస్తూ వచ్చింది. మొదట పడమట సన్నని నెలవంక, తరువాత రోజుకు 12, 13 డిగ్రీల చొప్పున తూర్పుకు జరుగుతూ, సద్దుల నాటికి ఉత్తర దక్షిణాలను కలిపే నడి ఆకాశపు గీత మీదికి చేరాడు. అది చంద్రుని సొంత నడక. బతుకమ్మలను నీళ్ళలో విడిచి, సద్దులు తిని ఇల్లు చేరేసరికి అతడు నైరుతికి ఒరిగి ఉన్నాడు. ఆ ఒరగడం భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరగడం వల్ల జరిగినది. అదే గంటలో చంద్రుడు తనంతట తాను తూర్పుకు జరిగేది అర డిగ్రీ, ఇంచుమించు తన వెడల్పంత.