ఫియట్ ఎక్స్1/9లో కూలెంట్ మార్చాను: పనంతా ఎయిర్ తీయడంలోనే

బండి 1979 మోడల్, 1498 సీసీ ఇంజన్. ఇంజన్ సీట్ల వెనక ఉంటే రేడియేటర్ ముక్కు దగ్గర ఉంటుంది. వేడినీళ్లు పోవడానికి ఒకటి, చల్లారి రావడానికి ఒకటి, రెండు పొడవాటి పైపులు కారు నడుమ, అడుగు నుంచి వెళ్తాయి. ఇంత చిన్న కారులో దీన్ని డిజైన్ చేసిన బెర్టోనే కంపెనీ రెండు డిక్కీలు ఇచ్చింది, పైకప్పు ఊడదీసి ముందు డిక్కీలో పెట్టుకునే వీలూ ఇచ్చింది. ఆ అమరిక నాకెంతో ఇష్టం. కాకపోతే ఇంత దూరపు పైపుల్లో ఎక్కడ గాలి పట్టినా ఇంజన్ వేడెక్కుతుంది. ఇనుప బ్లాక్ మీద అల్యూమినియం హెడ్ కాబట్టి మొదట పోయేది ఆ రెంటి మధ్య సీలుగా ఉండే హెడ్ గ్యాస్కెట్టే.

ఇంజన్ పూర్తిగా చల్లారాక హీటర్ లివర్ వేడి వైపు తిప్పి, రేడియేటర్ కింది హోస్, వెనక పైపుల చివరి హోస్‌లు విప్పాను. జాకీ మాత్రం నడుమ సొరంగం కింద పెట్టకండి, లోపలి పైపులు నొక్కుకుపోతాయి. కారిందంతా బకెట్‌లో పట్టి కొలిస్తే ఏడున్నర లీటర్లే ఉంది. మొత్తం పట్టేది దాదాపు 11 లీటర్లు. అంటే మూడున్నర లీటర్లు బ్లాక్‌లో, హీటర్‌లో మిగిలిపోయాయన్నమాట. మంచినీళ్లతో రెండుసార్లు కడిగితే లోపల మిగిలేది ఆ నీళ్లే. అందుకే ముందే సగం సగం కలిపిన కూలెంట్ పోస్తే పలచబడుతుంది. నేను మొదట ఏమీ కలపని కూలెంట్ ఐదున్నర లీటర్లు పోసి, ఆ తర్వాతే డిస్టిల్డ్ వాటర్ పోశాను. కూలెంట్ ఎక్కడ గడ్డకడుతుందో చెప్పే టెస్టర్‌తో చూస్తే మైనస్ 37 డిగ్రీలు చూపించింది, సగం సగం సరిగ్గా కుదిరినట్టే.

ఎయిర్ తీసేటప్పుడు ముందు భాగం ఎత్తితే గాలి రేడియేటర్‌లోకి వస్తుందనుకుని మొదటిసారి అలాగే చేశాను. తప్పు. రేడియేటర్ పైభాగం వెనకున్న కూలెంట్ ట్యాంక్ కంటే ఎత్తుకు పోయింది. రేడియేటర్ పైన గాలి వదలడానికి ఉండే బ్లీడ్ స్క్రూ వదులు చేస్తే నీళ్లు రాకపోగా గాలి లోపలికి పీల్చుకుంది. కారు సమంగా నిలిపి, ట్యాంక్ అంచు దాకా నింపి మళ్లీ వదులు చేశాను. మొదట బుస్సుమని గాలి, తర్వాత నురగతో చుక్కలు, చివరికి తెగకుండా సన్నటి ధార వచ్చింది. ధార నిలకడగా వచ్చేదాకా స్క్రూ బిగించకూడదు. ఈలోగా ట్యాంక్ ఖాళీ అయితే మళ్లీ మొదటికే, కాబట్టి అక్కడ పోస్తూ ఉండటానికి ఇంకో మనిషి కావాలి. స్క్రూ పట్టేసి ఉంటుంది. ముందురోజే తుప్పు వదిలే నూనె వేసి ఉంచండి, బలవంతపెడితే మర పాడవుతుంది.

తర్వాత మూత పెట్టి ఇంజన్ ఆన్ చేసి, హోస్‌లను మందపాటి గుడ్డతో పట్టుకుని పిండుతూ వచ్చాను. ఇంజన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్ వైపు వదిలే వాల్వు, అంటే థర్మోస్టాట్, తెరుచుకునేదాకా ముందుకొచ్చే పైపులు చల్లగానే ఉంటాయి, కంగారు పడొద్దు. తెరుచుకున్నాక రెండూ వేడెక్కాలి. గేజ్ పైకి పోతున్నా రేడియేటర్ చల్లగానే ఉంటే గాలి ఇంకా ఉన్నట్టు, లేదా థర్మోస్టాట్ పట్టేసినట్టు. వెంటనే ఇంజన్ ఆపాలి.

ఫ్యాన్ విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే. ఫ్యాన్ స్విచ్ రేడియేటర్‌కే బిగించి ఉంటుంది. వేడినీళ్లు దాన్ని తాకకపోతే ఇంజన్ ఎంత కాగినా ఫ్యాన్ తిరగదు. స్విచ్ కొనేముందు దాని రెండు వైర్లూ ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి ఒకదానికొకటి కలపండి. ఫ్యాన్ తిరిగితే మోటార్, ఫ్యూజ్ బాగున్నట్టే. అప్పుడు మళ్లీ ఎయిర్ తీసి చూడండి. నా బండిలో రెండోసారి తీశాక పాత స్విచ్చే పనిచేసింది.

ట్యాంక్ మూత రబ్బరు గట్టిపడితే ప్రెషర్ నిలవదు, నీళ్లు త్వరగా మరుగుతాయి. దాన్నీ మార్చాను. మర్నాడు ఇంజన్ చల్లగా ఉండగా ట్యాంక్ చూస్తే మట్టం రెండు వేళ్లు దిగింది. అంతవరకు నింపి, స్క్రూ ఇంకోసారి వదులు చేశాను. ఈసారి గాలి లేదు, నేరుగా నీళ్లే వచ్చాయి.