మేనత్త ఇంటి అట్టపెట్టె

దసరా సెలవుల్లో శ్రీముఖలింగం చూడాలని విజయనగరంలో ఉదయపు రైలెక్కి, ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాను. అక్కడి నుంచి బస్సులో నరసన్నపేట, ఆపైన ఆటోలో మేనత్త వాళ్ల ఊరు చేరాను. శ్రీముఖలింగంలో వంశధార ఒడ్డునున్న మధుకేశ్వరాలయాన్ని మర్నాడే చూశాను. తూర్పు గాంగుల కాలపు ఆ శిల్పాల గురించి రాయదగినది ఎంతో ఉన్నా, మిగిలిన వారం నన్ను కదలనివ్వనిది మాత్రం అత్త ఇంటి వెనుక వసారాలోని ఒక అట్టపెట్టె.

ఒక వైపు కోసి పాత నూలు చీర ముక్క బిగించిన ఆ పెట్టెలో నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు పెరుగుతున్నాయి. 1758లో లిన్నేయస్ వర్ణించిన ఈ జాతి శాస్త్రీయ నామం పాపిలియో డెమోలియస్. నల్లని రెక్కల మీద మీగడ రంగు మచ్చలు, వెనుక రెక్క లోపలి మూలన ఒక ఎర్రని మచ్చ దీని గుర్తులు. దగ్గరి బంధువులు చాలావాటికి వెనుక రెక్క చివర ఉండే తోక దీనికి ఉండదు. పెరటి నిమ్మచెట్టుకు పురుగు పట్టిందని మామయ్య మందు కొట్టబోతే, అత్త ఆపి, ఒక్కొక్క పురుగునూ ఏరి లోపలికి తెచ్చిందట.

ఆడ సీతాకోకచిలుక లేత చిగుళ్ల మీద ఆవగింజంత లేత పసుపు గుడ్లను విడివిడిగా పెడుతుంది. కొద్ది రోజుల్లో బయటికొచ్చే పిల్ల అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, ఆ వేషమే దానికి రక్ష. చర్మం విడుస్తూ పెరిగి అయిదో దశకు వచ్చేసరికి ఆకుపచ్చగా, నున్నగా మారుతుంది. గొంగళి కప్పుకోని దీన్ని గొంగళిపురుగు అనడం నాకు ఎప్పుడూ సబబుగా తోచదు. వేలు తాకిస్తే తల వెనుక నుంచి రెండు చీలికల ఎర్రని కొమ్మును బయటికి తోసి, పులిసిన ఘాటు వాసన వదిలింది. నేను వెనక్కి జరగడం చూసి అత్త చాలాసేపు నవ్వింది.

పెంపకంలో శ్రమంతా ఆకుదే. కొమ్మను నీళ్ల సీసాలో నిలబెట్టి, పురుగు జారి మునగకుండా మూతి చుట్టూ దూది కూరాలి. వాడిన కొమ్మ మార్చేటప్పుడు పురుగును లాగకూడదు. అది పట్టుకున్న ముక్కను కత్తిరించి కొత్త కొమ్మకు ఆనిస్తే తానే ఎక్కుతుంది. తేమకు బూజు పట్టకుండా రెట్టలను రోజూ తుడిచేయాలి. మారేడు, కరివేపాకు కూడా ఈ జాతికి ఆహారమే గాని, నిమ్మ మీద పెరిగినదానికి మధ్యలో ఆకు మార్చకూడదని అత్త పట్టు. ఆ పట్టు వల్ల నేను రెండుసార్లు పక్క వీధికి మందు కొట్టని నిమ్మకొమ్మల కోసం వెళ్లాల్సి వచ్చింది.

మూడో రోజు ఒక పెద్ద పురుగు తినడం మాని, నీళ్లగా విసర్జించి, పెట్టె గోడల మీద తిరగసాగింది. జబ్బు చేసిందనుకుని నాలుగుసార్లు దాన్ని ఆకు మీదికి చేర్చాను. "ఒగ్గేయి నాయినా, అదింక తినదు. దాని చోటు అదే ఎతుక్కుంటాది" అంది అత్త. ఆమె అన్నట్లే అది ఎండు పుల్ల ఎక్కి, తోక కొసను పట్టుదారంతో అతికించుకుని, నడుముకు దారం మొల తాడులా చుట్టుకుని నిశ్చలమైంది. మర్నాటికి చర్మం వదిలి గోధుమ రంగు ప్యూపాగా, అంటే పురుగుకూ సీతాకోకచిలుకకూ నడుమ ఉండే కదలని దశగా, మారింది. పచ్చ కొమ్మ మీద కుదురుకున్నవి పచ్చగానే ఉన్నాయి.

చీర ముక్క ఎందుకో కూడా అప్పుడే తెలిసింది. మొదట్లో అత్త దోమతెర కట్టిందట, ఆ కన్నాల్లోంచి అతి చిన్న కందిరీగలు దూరి, అప్పుడే చర్మం వదిలిన మెత్తని ప్యూపాల్లో గుడ్లు పెట్టాయి. సీతాకోకచిలుకలు వస్తాయని ఎదురుచూసిన ప్యూపాల నుంచి చిన్న రంధ్రం గుండా కందిరీగలే గుంపుగా వచ్చాయి.

ఆరో రోజు తెల్లవారాక ఒక ప్యూపా పగిలింది. ముడతలు పడ్డ రెక్కలతో బయటికొచ్చిన ప్రాణి పుల్ల పట్టుకుని వేలాడుతూ, ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి నింపుకుంది. కింద చోటు ఇరుకైతే రెక్కలు వంకరగానే గట్టిపడతాయి కాబట్టి, ఆ పుల్లను ముందే పెట్టె పైభాగాన కట్టి ఉంచారు. ఎండ ఎక్కాక చీర ముక్క విప్పితే, అది నిమ్మచెట్టు మీదుగా ఎగిరి గోడ దాటింది.

నేను బయలుదేరిన ఉదయం ఇంకొక ప్యూపా నల్లబడి, పలుచని పొర గుండా మీగడ రంగు మచ్చలు కనిపిస్తున్నాయి. ఒక్క రోజు ఆగితే చూడవచ్చని తెలిసినా, సెలవు పొడిగించే వీలు లేక ఆటో ఎక్కాను.