రెండు రోజుల సైకిల్ రైడ్లను ఒకటిగా కలుపుకున్న నా అనుభవం

హైదరాబాద్ శివారులోని నార్సింగి దగ్గర నివసించే నేను చాలాకాలంపాటు శనివారం శంకర్‌పల్లి వరకు, ఆదివారం చేవెళ్ల వరకు సైకిల్ తొక్కి వచ్చేవాణ్ణి. మొదటిది రానూపోనూ సుమారు 50 కిలోమీటర్లు, రెండోది సుమారు 60. రెండూ ఎండ ముదరకముందే పూర్తయ్యేవి. 200 కిలోమీటర్ల బ్రెవేలో పాల్గొనాలని నిశ్చయించుకున్న తర్వాత ఈ ఏర్పాటు సరిపోదని అర్థమైంది. బ్రెవే అంటే నిర్ణీత గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్. అది పోటీ కాదు, అందులో మొదటి స్థానం, రెండో స్థానం ఉండవు. అయితే వీటిని పర్యవేక్షించే ఫ్రెంచ్ సంస్థ ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నిర్దేశించిన నియమాల ప్రకారం 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో ముగించాలి. భోజనం, పంక్చర్లు, దారిలో హాజరు నమోదు చేసుకునే కంట్రోల్ పాయింట్ల దగ్గర ఆగడం అన్నీ ఆ గడువులోకే వస్తాయి.

వారాంతంలో మొత్తం 110 కిలోమీటర్లు తొక్కుతున్నాను కాబట్టి ఆ దూరాన్ని ఒకే రోజు తొక్కే శక్తి వచ్చేసిందని అనుకోవడానికి వీలు లేదు. రెండు రైడ్ల మధ్య ఒక రాత్రి ఉంది, ఆ రాత్రి చేసే మేలు చాలా పెద్దది. కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్ రూపంలో మనం దాచుకునే పిండిపదార్థం సుమారు 400 నుంచి 500 గ్రాములే. కాస్త గట్టిగా తొక్కితే అది కొన్ని గంటల్లోనే బాగా తగ్గిపోతుంది. మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిని, రాత్రి నిద్రపోయి లేచేసరికి చాలావరకు తిరిగి నిండుతుంది. అందువల్ల దారిలో ఏం తినాలి, ఎప్పుడు తినాలి అన్న ప్రశ్న 50 కిలోమీటర్ల రైడ్‌లో అసలు ఎదురుకాదు. అరచేతుల తిమ్మిరి, సీటు ఒరిపిడి, ముదిరిన ఎండ కూడా అంతే. కాబట్టి నేను చేయవలసింది దూరాన్ని పెంచడం కన్నా ముందు మధ్యలో ఉన్న ఆ విరామాన్ని అంచెలంచెలుగా తగ్గించడం.

మొదటి అంచెలో మొత్తం దూరాన్ని ఏమాత్రం పెంచలేదు. శనివారం తెల్లవారుజామున శంకర్‌పల్లి వెళ్లి వచ్చి, ఇంట్లో అరగంట ఆగి, నీళ్ల సీసాలు నింపుకొని చేవెళ్లకు బయలుదేరాను. ఆదివారం పూర్తిగా విశ్రాంతి తీసుకున్నాను. దారి మధ్యలో ఇల్లు ఉండటం వల్ల, ఒంట్లో బాగా లేకపోతే సగంలోనే ఆపేసుకునే వెసులుబాటు దొరికింది. చేవెళ్లను రెండో భాగంగా పెట్టుకోవడానికి కారణం నీడ. చేవెళ్ల వెళ్లే బీజాపూర్ రహదారికి ఇరువైపులా ఉన్న వందలాది మర్రిచెట్ల కింద, ఎండెక్కిన తర్వాత సైకిల్ తొక్కినవారికి, వాటిని రోడ్డు విస్తరణ నుంచి కాపాడాలని నగరవాసులు అంతగా ఎందుకు పోరాడారో వేరే చెప్పనక్కరలేదు. వేగం విషయంలో ఒకటే నియమం పెట్టుకున్నాను. పక్కవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడలేనంత ఆయాసం వస్తే గేరు తగ్గించాలి.

తర్వాత కొన్ని వారాలు శనివారం సాయంత్రం ఒకటి, ఆదివారం తెల్లవారుజామున మరొకటి తొక్కాను. కాళ్లు పూర్తిగా తేరుకోకముందే మళ్లీ సైకిలెక్కడం ఎలా ఉంటుందో దీనివల్ల తెలిసింది. హెడ్‌లైట్, వెనక లైటు, రిఫ్లెక్టివ్ జాకెట్‌తో చీకట్లో తొక్కడం కూడా అలవాటైంది.

అసలైన మార్పు ఇంటిని దారిలోంచి తీసేసినప్పుడు వచ్చింది. చేవెళ్ల దాటి, మన్నెగూడ మీదుగా వికారాబాద్ వెళ్లి అదే దారిన తిరిగి వచ్చే రైడ్ మా ఇంటి నుంచి సుమారు 130 కిలోమీటర్లు ఉంటుంది. మూసీ నది పుట్టేది వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండల్లోనే. ఆ నీరు హైదరాబాద్ వైపు దిగి వస్తుంది కనుక, మనం వెళ్లేటప్పుడు మొత్తంమీద ఎక్కుతూ పోతాం. తిరుగు ప్రయాణం సులువని చాలామంది అనుకుంటారు. కానీ శీతాకాలంలో ఇక్కడ గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్య దిక్కుల నుంచి వీస్తుంది. వెళ్లేటప్పుడు వీపును తోసిన గాలే వచ్చేటప్పుడు ఎదురుగాలి అవుతుంది. వానాకాలంలో పడమటి గాలుల వల్ల ఇది తారుమారవుతుంది. ఏ కాలంలో వెళ్తున్నామో చూసుకొని, ఎదురుగాలి ఉండే సగానికి బలాన్ని దాచుకోవడం ఈ దారిలో తప్పనిసరి.

తిండి విషయంలో నాకు బాగా ఉపయోగపడిన సలహా ఎన్నో బ్రెవేలు పూర్తిచేసిన ఒక పెద్దాయనది. "తమ్ముడూ, ఆకలి కోసం ఎదురుచూడకు, గడియారం చూసి తిను" అన్నారాయన. ఇంతసేపు సాగే శ్రమకు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక మామూలు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటాయి. కనుక గంటకో అరటిపండు, దానితోపాటు కొన్ని ఖర్జూరాలు లేదా బెల్లం ముక్క అని లెక్క పెట్టుకున్నాను. చేవెళ్ల దగ్గర ఇడ్లీ తింటాను కానీ పూరీ, మిర్చి బజ్జీ జోలికి పోను. నూనె పదార్థం కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది. రెండు సీసాల్లో ఒకటి మంచినీళ్లకు, రెండోది ఓఆర్‌ఎస్‌కు. లీటరు నీటికి ఉద్దేశించిన పొట్లాన్ని చిన్న సీసాలో మొత్తం కలపకూడదు, ద్రావణం చిక్కనైపోయి మేలు బదులు వికారం కలగవచ్చు. గంటల తరబడి చెమట పోస్తున్నప్పుడు అవసరానికి మించి ఉత్త నీళ్లే తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి.

చిటికెనవేలు, ఉంగరపువేలు మొద్దుబారడం మూడో గంట దాటాకే మొదలయ్యేది. అరచేతి అంచున వెళ్లే నరంపై బరువు పడటం దీనికి కారణం. హ్యాండిల్‌పై చేతుల స్థానాన్ని తరచుగా మార్చడం, మోచేతులను కొద్దిగా వంచి ఉంచడం, సీటు ముందుకు వాలకుండా సమతలంగా బిగించుకోవడం వల్ల అది చాలావరకు తగ్గింది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల మరే లోదుస్తూ వేసుకోకూడదన్నది కొత్తవారికి తప్పక చెప్పవలసిన మాట. లోపలి కుట్టు ఒరుసుకొని పుండు పడుతుంది.

ఆగే సమయాన్ని కూడా సాధనలో భాగంగానే చూశాను. గంటకు 22 కిలోమీటర్ల సగటుతో తొక్కితే 200 కిలోమీటర్లకు 9 గంటల పైచిలుకు పడుతుంది. మిగిలేది దాదాపు నాలుగున్నర గంటలు. వినడానికి ఎక్కువే అయినా, ప్రతి టీ కొట్టు దగ్గరా ఇరవై నిమిషాలు కూర్చుంటే అది ఇట్టే కరిగిపోతుంది. అందుకే సీసాలు నింపడం, తినడం, టైర్లు తడిమి చూడటం ఒకే చోట ముగించేలా అలవాటు చేసుకున్నాను.

ఇలాంటి దూరపు రైడ్‌ను మూడు వారాలకొకసారి మాత్రమే పెట్టుకుని, మిగతా వారాల్లో పాత పద్ధతిలో రెండు చిన్న రైడ్లు చేశాను. ఆ విధంగా సాగిన సాధనతో 200 కిలోమీటర్ల బ్రెవేను గడువులోగా పూర్తిచేశాను. 300 కిలోమీటర్లకు ఇచ్చే గడువు 20 గంటలు, నా వేగానికి అందులో రాత్రి ప్రయాణం తప్పదు. అందుకని ఇప్పుడు శనివారం సాయంత్రపు రైడ్‌ను అర్ధరాత్రి దాటేవరకు పొడిగించి, ఆదివారం తెల్లవారుజాము రైడ్‌తో కలిపే ప్రయత్నంలో ఉన్నాను.